పెద్దమ్మ తినిందా?

పెద్దమ్మ పోయిందని తెలిసిన పొద్దున మా వీధివాళ్లం ముందు పొయ్యిలు ఆర్పేశాం. ఏడ్చింది ఆ తర్వాత. ఎసరు పెట్టినవాళ్లు దించేశారు. అప్పటికే గంజి వార్చినవాళ్లు తపేలాను పెరట్లోకి మోసుకుపోయి, కోళ్లు ముట్టకుండా మూత మీద రాయి పెట్టారు. ఎదురింటి కోడలు తన బిడ్డ నోట్లో వేలు పెట్టి ముద్ద బయటికి లాగేసింది. ఆ బిడ్డ ఏడుపే ఆ రోజు వీధిలో వినిపించిన మొదటి ఏడుపు.

మనిషి పోతే ఎవరైనా ఆ ఇంట్లోకి పరుగెత్తుతారు. మేమూ పరుగెత్తాం, కానీ గడప దగ్గరే నిలబడిపోయాం. పాలు పోసే ఆమె తలుపు తోసి చూసి, కేక పెట్టి, అరుగు మీద కూలబడి ఉంది. లోపల చాప మీద పెద్దమ్మ గోడవైపు ఒత్తిగిలి పడుకొని ఉంది, కొంగు చెవుల మీదికి లాక్కొని. అందరికీ అడగాల్సిన మాట ఒకటే. ఆఖరికి వీధిలో అందరికన్నా పెద్దవాడైన ముసలి మేస్త్రి అడిగేశాడు.

"తినిందా?"

ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే లోపలికి పోయి ఆమె పొయ్యి చూడాలి. ఆమె ఆ పొద్దున తిని పోయిందంటే మా అందరి ఇళ్లలో ఉన్న బియ్యం మీద అనుమానం. తినకుండా పోయిందంటే అది ఆమె ఒక్కదాని చావు.

ఈ ప్రశ్న అంత భయం ఎందుకు పుట్టించిందో తెలియాలంటే ఆమె సంగతి మొదటి నుంచీ చెప్పాలి. మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, తెలుగు చదివేవాళ్లు మాత్రం లేరు. చిన్నప్పుడు చిత్తూరు దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండి అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకీ నాలుగు ముక్కలు రాయడం వచ్చింది. రాసినదంతా వాళ్లకు చదివి వినిపించాలి. ఎక్కడైనా తప్పు రాశానా, నన్ను బతకనివ్వరు.

తమిళనాడులో ఉన్న గుడియాత్తంలో మాది కట్టడం పనివాళ్ల వీధి. మగవాళ్లు తాపీలు సంచిలో వేసుకొని వేలూరుకూ కాట్పాడికీ పోతారు. ఆడవాళ్లలో కొందరు వాళ్ల వెంట సిమెంటు మోయడానికి పోతారు, నాలాంటివాళ్లు ఇంటి పట్టున బీడీలు చుడతారు. పెద్దమ్మ మాలో ఎవరికీ చుట్టం కాదు. పేర్ణాంబట్టులో తమ్ముడి కొడుకు ఉన్నాడు, అంతే. పడుచుతనంలోనే మొగుణ్ని పోగొట్టుకొని, నడుం పట్టేసేదాకా ఇటుకలు మోసి, ఆ తర్వాత అరుగు మీద కూర్చొని చింతపండుకు గింజలు తీసే కూలి చేసుకొనేది. వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమెను పెద్దమ్మా అనే పిలిచింది. ఆ బిడ్డల తల్లులూ అట్లాగే పిలిచారు.

ఆమెంత పిరికిమనిషిని నేను చూడలేదు. ఉరిమితే చెంబులూ గరిటెలూ మంచం కిందికి తోసేది. పోలీసు సైకిలు మీద వీధి వెంట పోతే, తానేం తప్పు చేసిందా అని సాయంత్రం దాకా వెతుక్కొనేది. బస్సు ఎక్కితే రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకొని కళ్లు మూసుకొనేది. బల్లి అరిస్తే లేచి నిలబడేది. ఇది తెలిసి నా కూతురు తలుపు వెనక దాక్కొని బల్లిలా అరిచేది. మేం నవ్వితే ఆమెకు కోపం వచ్చేది కాదు.

"నవ్వండమ్మా, నవ్వండి. భయముండేదే కాపలాకు పనికొస్తాది. ధైర్యమున్నోడు గురక పెట్టి నిద్దరపోతాడు" అనేది.

వీధికంతా కలిపి ఒక బియ్యం డ్రమ్ము పెట్టింది కూడా ఆ భయంతోనే. అప్పుడు కాలం ఎట్లా ఉండేదంటే, వేలూరు బజార్లో అద్దాల వెనక రంగు టీవీలు వెలుగుతుంటే మేం నిలబడి చూసి వచ్చేవాళ్లం. వీధి మొదట్లో ఫోను బూత్ వచ్చింది. కాట్పాడిలో మేడల మీద మేడలు లేస్తున్నాయి. మరి కట్టేవాళ్లం మేమే కదా, మా కడుపులు నిండాలి కదా? కాంక్రీటు కలిపే మిషన్లు వచ్చి సగంమంది కూలీలు ఇంట్లో కూర్చున్నారు. పేర్ణాంబట్టులో తోళ్లు శుద్ధిచేసే షాపులు కొన్ని మూతపడి, అక్కడివాళ్లు కూడా కట్టడం కూలికి ఎగబడ్డారు. వానలు పట్టుకుంటే నెలల తరబడి పని ఉండదు. బియ్యం ధర మాత్రం వానకూ ఎండకూ పైకే పోయేది.

ఒక రోజు సిమెంటు గంప నెత్తిన పెట్టుకొని పరంజా ఎక్కుతున్న మా వీధి పిల్ల ఒకతె కళ్లు తిరిగి కింద పడింది. ఇసుక కుప్ప మీద పడింది కాబట్టి బతికింది. ముందురోజు నుంచీ ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. మరుసటి పొద్దున పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. దానం అనలేదు, ధర్మం అనలేదు. ప్రతి గడప ముందూ ఒకటే మాట.

"నాకు భయంగా ఉండాదమ్మా. బియ్యం కడిగే ముందు ఒక పిడికిడి తీసి పక్కన పెట్టు. నాకు తెచ్చియ్యి."

మావాళ్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇవ్వమంటే ఇస్తారు. తీసుకొమ్మంటే చచ్చినా రారు. అందుకని ఒక పద్ధతి పెట్టింది. కిటికీ లేని లోపలి గదిలో రేకు డ్రమ్ము ఉంటుంది. ఇచ్చేవాళ్లూ తీసుకొనేవాళ్లూ అందరూ మూత పెట్టిన గిన్నెతోనే రావాలి, ఒకసారికి ఒకరే లోపలికి పోవాలి, మూత పెట్టిన గిన్నెతోనే బయటికి రావాలి. లోపలికి పోయిన గిన్నెలో బియ్యం ఉందో లేదో, బయటికి వచ్చిన గిన్నె నిండిందో ఖాళీ అయిందో ఎవరికీ తెలియదు. ఆమె ఆ గదికి వీపు పెట్టి చింతపండు ముందేసుకొని కూర్చొనేది. పొద్దుగూకినాక చేయి డ్రమ్ములోకి పెట్టి చూసేది. అడుగు తగిలితే మర్నాడు వీధి నడుమ నిలబడి, "ఏమ్మే, డ్రమ్ముకు ఆకలేస్తాండాది" అని కేకేసేది. అంతే, మళ్లీ గిన్నెలు కదిలేవి.

ఇచ్చే చేయి పైన, తీసుకొనే చేయి కింద అంటారు. మా వీధిలో ఏ చేయి పైనో కిందో చూసినవాళ్లు లేరు. అంత మంచి పద్ధతి ఒక సాయంత్రం మా ప్రాణాల మీదికి వచ్చింది.

ఆ రోజుల్లో నా మొగుడు వేలూరులో పని చేస్తూ జారి కాలు విరగ్గొట్టుకొని మంచంలో ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నేను మూత గిన్నెతో పెద్దమ్మ ఇంటికి పోయి వచ్చాను. లోపల ఏం చేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, తీసుకొనే వచ్చాను. వండి, గంజి వార్చి, ఉప్పు వేసి ముందు నా బిడ్డకు తాగించాను. అన్నం మూత పెట్టి, బీడీ ఆకుల చాట పట్టుకొని పెద్దమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. అప్పుడు మా వీధి ఆమె ఒకతె పరుగున వచ్చింది. ఆమె పేరు రాయను.

"పెద్దమ్మా, మా కోళ్లు సచ్చిపోయినాయి."

"తెగులేమోనే."

"కాదు పెద్దమ్మా. మా ఆయన కాట్పాడిలో బియ్యం గోడౌనుకు నేల వేస్తాండాడు గదా. ఆడ ఒలికిన బియ్యం ఊడ్చి ఇచ్చినారు. మంచివన్నీ ఏరి పొద్దున్నే తెచ్చి నీ డ్రమ్ములో పోసినా. నూకలు, దుమ్ము కోళ్లకేసినా. ఇప్పుడు ఆయనొచ్చి చెప్తాండాడు, మూలల్లో ఎలకల కోసరం మందు కలిపిన బియ్యం పెట్టింటారంట. అదీ ఇదీ అంతా కలిపి ఊడ్చేసినారంట."

పెద్దమ్మ చేతిలోని చింతపండు కింద పడింది. ఆమె ఆ మనిషి నోటి మీద చేయి పెట్టి నొక్కింది. "ఇంక యాడా అనొద్దు. నువ్వు పోసినావని నేను మరిచిపోయినా" అంది. తర్వాత నా వైపు చూసింది. నా చాట బోర్లపడి ఆకులన్నీ అరుగు మీద ఉన్నాయి. నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయింది.

ఆ క్షణం ఎట్లా ఉంటుందో ఏ తల్లికీ తెలియకూడదు. ఇంటికి ఎట్లా పరుగెత్తానో తెలియదు. నా బిడ్డ గుమ్మంలో కూర్చొని చింతగింజలతో ఆడుకుంటోంది. పెదాల చుట్టూ గంజి తెల్లగా ఆరిపోయి ఉంది. కొంగుతో తుడిచాను, మళ్లీ తుడిచాను, తుడిస్తే లోపలికి పోయింది బయటికి వస్తుందా?

ఇంకెవరెవరు తీసుకుపోయారు? ఆమె పెట్టిన పద్ధతే ఇప్పుడు గోడలా అడ్డం నిలబడింది. తీసుకున్నవాళ్లు చెప్పండి అంటే మా వీధిలో ఒక్కరు నోరు విప్పరు. మా ఇంట్లో బియ్యం లేదు అని నలుగురిలో చెప్పుకోవడం కన్నా, ఏమీ కాదులే అని దేవుడి మీద భారం వేసి పడుకొనే రకం మావాళ్లు. ఆ సంగతి పెద్దమ్మకు తెలుసు. గరిటెతో కంచం వాయిస్తూ, పట్టేసిన నడుంతో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

"పొయ్యిలార్పండి! అన్నం ముట్టొద్దండి! డ్రమ్ములో ఎలకల మందు పడినాది! ఎవురు తీసుకున్నారని నేను అడగను, అడగనే అడగను. పిలకాయల్ని అందురినీ ఎత్తుకొని రండి. తిన్నోళ్లూ తిననోళ్లూ అందురూ రావాల. ఒక్క ఇల్లు మిగిలినా నేను ఈ కాలవలో పడి సస్తా!"

వీధి చివర లారీలోంచి ఇటుకలు దించుతున్నారు. లారీలు చూస్తేనే గోడకు అతుక్కుపోయే మనిషి ఆ రోజు దాని ముందు చేతులు చాచి నిలబడింది. డ్రైవరు గొణిగాడు. "ఇటుకలు ఆగుతాయి నాయనా, పిలకాయలు ఆగరు" అంది. మిగిలిన ఇటుకల మీదే పిల్లల్నీ తల్లుల్నీ ఎక్కించాం. ఆకలి ఎరగని ఇంటివాళ్లు కూడా తమ పిల్లల్ని తెచ్చి ఎక్కించారు. ఎవరు తిన్నవాళ్లో ఎవరు తోడు వచ్చినవాళ్లో ఆ ఎర్రదుమ్ములో ఏమీ తెలియలేదు. దారిలో నా బిడ్డ వాంతి చేసుకుంది. నేను వంగి ఆ వాంతి వాసన చూశాను. ఆ మందు కుళ్లిన వెల్లుల్లి వాసన వస్తుందని ఎవరో అన్నారు. నాకు ఏ వాసనా తెలియలేదు. నా ముక్కు, కళ్లు, చెవులు అన్నీ మూసుకుపోయి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు, "తిన్నది ఎవరు?" అని అడిగాడు.

పెద్దమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించి, "ఎల్లారూ తిన్నారు సామీ" అంది.

ఆయన విసుక్కున్నాడు, కానీ ఒక్కొక్కరినే చూశాడు. కొందరు పిల్లల్ని అక్కడే ఉంచుకొని మందులిచ్చారు. నా బిడ్డకు ఏమీ కాలేదన్నారు. వాంతి లారీ కుదుపుకు అయి ఉంటుందట. ఆ మందు ఆ గంజిలోకి వచ్చిందా, రాలేదా? వస్తే ఎంత? ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరి బిడ్డా పోలేదు, మా అదృష్టం. అయినా ఇప్పటికీ నా కూతురు కడుపునొప్పి అంటే ముందు దాని నోటి వాసన చూస్తాను.

మర్నాడు డ్రమ్ములో బియ్యమంతా, ఇళ్లలో ఉన్నది కూడా, ఊరి బయట ఏటి ఒడ్డున గొయ్యి తవ్వి పోశాం. కుక్కలు తవ్వకుండా పైన సున్నం వేసి, సిమెంటు పూత కూడా పూశారు మావాళ్లు. ఎన్ని ఇళ్లకు పునాదులు తవ్వినవాళ్లో, బియ్యానికి గొయ్యి తవ్వేటప్పుడు చిన్నపిల్లల్లా ఏడ్చారు.

ఆ తర్వాత ఒక్క గిన్నె కూడా కదలలేదు. వీధిలో ఆకలి మాత్రం ఉంది, ఎక్కడికి పోతుంది? ఒకామె మూత గిన్నె పట్టుకొని మలుపు దాకా వచ్చి, డ్రమ్ము గది వైపు చూసి, వెనక్కి తిరిగిపోవడం నేను చూశాను. పెద్దమ్మ కూడా చూసింది. బస్సెక్కి, కమ్మీ పట్టుకొని, కళ్లు మూసుకొని వేలూరు పోయింది. మండీ వీధిలో అంగడి అంగడికీ తన భయం చెప్పుకొని బియ్యం తెచ్చింది. డ్రమ్ములు రెండు చేసింది. చిన్నదాంట్లో పోయాలి, పెద్దదాంట్లో తీసుకోవాలి. తెల్లవారుతూనే చిన్న డ్రమ్ములో అడుగూ నడుమా పైనా కలిపి ఒక పిడికిడి తీసి, బుల్లి సత్తు గిన్నెలో వండి, గడప మీద అందరికీ కనపడేట్టు కూర్చొని తినింది. ఉప్పు వేసుకోలేదు, వేస్తే రుచి దాక్కుంటుందట. తిని, ఎండ గడప మీదికి వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. ఎండ వచ్చాక చిన్న డ్రమ్మును పెద్ద డ్రమ్ములోకి పోసి, గది తలుపు తీసింది.

అది ఆ ఒక్క రోజుకే అనుకున్నాం. పోయేదాకా ప్రతి పొద్దునా చేసింది. ఆమె తినే లోపల డ్రమ్ము గదికి ఎవరూ పోరు. పొద్దున్నే ఇంటి నుంచి ఇంటికి ఆ మాటే నడిచేది, "పెద్దమ్మ తినిందా?" అని. "తినింది" అంటే మనసు కుదుటపడేది.

ఒకసారి నేను అడిగాను. "నువ్వెందుకు తినాల పెద్దమ్మా? ఒక కోడికేసి చూస్తే సరిపోదా?"

"కోడి ఏం పాపం చేసినాదే? దానికి తెలిసి తినదు గదా. తెలిసి తినేది నేను" అంది.

"దినమూ తింటాండావు గదా, ఇంకా భయమేనా?"

"దినమూ భయమే. ముద్ద నోటికాడికి పోతే చెయ్యి వణకతాది, చూడు. వణకని రోజు నన్ను లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టండి."

నిజమే, వణికేది. వయసు అనుకొనేదాన్ని.

మళ్లీ ఆ పొద్దున దగ్గరికి వస్తాను. ముసలి మేస్త్రి అడిగాక లోపలికి పోయింది నేను. నా కూతురు నా కొంగు పట్టుకొని ఆపింది. ఇప్పుడు అది నా భుజం దాకా ఎదిగింది. కొంగు విడిపించుకొని పోయాను. పెద్దమ్మ ముఖం చూడకుండా ముందు పొయ్యి దగ్గరికే పోయాను. అంత దయలేని పని చేయమని నాకు నేర్పింది ఆమే. పొయ్యి చల్లగా ఉంది. బూడిద ఎత్తేసి అలికి ఉంది. పక్కన సత్తు గిన్నెలో కడిగిన బియ్యం, ఒక పిడికిడి, నీళ్లలో నానుతూ ఉంది. కడిగి పెట్టి, ఎందుకో ఒక్క క్షణం నడుం వాల్చి ఉంటుంది. అంతే.

"తినలేదు" అని చెప్పాను. తినలేదని అంత సంతోషపడి, ఆ సంతోషానికి సిగ్గుపడి, అప్పుడు ఏడ్చాను. వీధంతా అప్పుడే ఏడ్చింది. కాంపౌండరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు.

పేర్ణాంబట్టు నుంచి తమ్ముడి కొడుకు బస్సు దిగాక చేయాల్సినవి మొదలుపెట్టారు. మాలో పోయినవాళ్ల నోటికి బియ్యం అందించడం ఉంది. తెచ్చినవాళ్లంతా మూత గిన్నెలు పట్టుకొని నిలబడ్డారు, ఒక్కరూ మూత తీయలేదు. ఏళ్ల తరబడి ఆమె నోటికి పోయాకే మా నోటికి పోయిన బియ్యం. ఇప్పుడు మా చేతులతో పెట్టాలంటే చేతులు రాలేదు. నేను లోపలికి పోయి సత్తు గిన్నె తెచ్చాను. ఆమె తన చేత్తో తీసుకొని, తన చేత్తో కడుక్కున్న బియ్యం. తమ్ముడి కొడుకు అందులోంచి నాలుగు గింజలు తీసి ఆమె పెదాల మధ్య పెట్టాడు. మేమంతా ఆ గిన్నెలోంచే పెట్టాం.

ముసలి మేస్త్రి వీధి వైపు తిరిగి, గట్టిగా, దినమూ చెప్పే మాటలాగే చెప్పాడు.

"తినింది."

మర్నాడు పొద్దున చిన్న డ్రమ్ములోంచి అడుగూ నడుమా పైనా కలిపి ఒక పిడికిడి తీశాను. ఎవరూ నన్ను చేయమనలేదు. ఉప్పు లేకుండా వండి, ఆమె గడప మీద కూర్చున్నాను. ముద్ద నోటి దగ్గరికి పోయేసరికి చేయి వణికింది. అది వయసు కాదని అప్పుడు తెలిసింది. కళ్లు మూసుకొని మింగేశాను. నా కూతురు పక్కన కూర్చొని నా ముఖమే చూస్తోంది. వీధి పొడుగునా గుమ్మాల్లో ఆడవాళ్లు మూత గిన్నెలు పట్టుకొని నిలబడి ఉన్నారు. నన్ను అడగడానికి మొహమాటపడి ఎదురింటి కోడలు నా కూతుర్ని అడిగింది.

"పాపా, అమ్మ తినిందా?"

"తినింది" అంది నా కూతురు. "ఉండండి, గడప మీదికి ఇంకా ఎండ రాలేదు."